గ్రాండ్-ఆన్స్ పీపాలవాడు

గ్రాండ్-ఆన్స్,
1756 ఏప్రిల్ చివర

ప్రియమైన ఇన్యాస్ అన్నయ్యకు,

నది మీద మంచు కదిలింది. పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటే ఇల్లంతా అదే చప్పుడు. ఆ వెనకే మోంత్రియాల్ నుంచి గవర్నర్ గారి ఉత్తర్వు వచ్చింది. మన పేట నుంచి ఎనిమిది మంది కావాలట. సరుకు పడవలు నడుపుకుంటూ మీ కోటకు వచ్చి, ఆకు రాలేదాకా అక్కడే ఉండాలి.

మనుషులను ఎంచాల్సింది పేట కెప్టెన్‌గా నాన్నే గనక, ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన పద్ధతి నీకు తెలుసు. ఒక్కడే కొడుకున్న ఇంటి జోలికి పోడు. గుడిలో పెళ్లి చాటింపు మొదలైనవాడిని ముట్టడు. ఈసారి ఆ పద్ధతి నిలబెట్టుకోవడానికి చాలా అవస్థ పడ్డాడు. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధమని మూడేళ్ళుగా ప్రతి వసంతంలోనూ పిలుపే కదా, పేటలో మిగిలిన మగవాళ్ళెవరు?

ఆదివారం పూజ అయ్యాక గుడి గుమ్మం ముందు ఉత్తర్వు చదవాలి. నాన్నకు చదువు రాదు, నాకు గొంతు రాదు. అందుకని నేను ఆయన చెవిలో మెల్లగా చదివాను, ఆయన పేట అదిరేలా అరిచాడు. నేను “రాజు గారి సేవ కోసం” అని గొణిగితే నది అవతల కుక్కలు మొరిగాయి.

ఏడుగురు తేలిపోయారు. ఎనిమిదో మనిషి దగ్గర చిక్కు పడింది. మిగిలింది ఇద్దరే. ఒకడు వితంతువు బ్రిజిత్ గారి కొడుకు లూబెన్. ఆమె పొలం దున్నేది వాడొక్కడే. రెండోవాడు పీపాలు చేసే టూసాన్. అతనికి ఇద్దరు అన్నలున్నారు.

“ఏరా టూసాన్, నీకేమైనా అడ్డం ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. తర్వాత నా గుమ్మం ముందుకొచ్చి నసగొద్దు,” అన్నాడు నాన్న.

టూసాన్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ ఒక్క క్షణం మా వైపు చూశాడు.

“నేను చెప్పేదేం లేదు కెప్టెన్ గారూ.”

“అయితే ఎనిమిది.”

బ్రిజిత్ గారు అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. సంతోషం పట్టలేక.

ఆడవాళ్ళమంతా మా వంటింట్లో చేరి రాజు గారి గిడ్డంగికి చొక్కాలు కుడుతున్నాం. సోఫ్రోనీ అత్తయ్య పెత్తనం. నా కుట్టు చూసి, “కాన్వెంట్‌లో బలిపీఠం గుడ్డలు కుట్టిన చెయ్యి, చెమట చొక్కాకి ఇంత సోకెందుకే?” అంటుంది.

మనవాళ్ళు వస్తే కనిపెట్టుకుని ఉండు అన్నయ్యా. టూసాన్‌కి కాళ్ళు తడిస్తే దగ్గు పట్టుకుంటుంది. పొడి జోళ్ళు ఇప్పించు. అందరికీ ఇప్పించు.

నీ చెల్లెలు,
పెలజీ


ఎగువ మోతదారి కోట,
1756 జూలై

చిట్టి చెల్లెలికి,

మనవాళ్ళు ఎనిమిది మందీ చేరారు. దోమలు వాళ్ళకంటే ముందే చేరి ఎదురుచూస్తున్నాయి. జలపాతం పక్కన పడవలు ఖాళీ చేసి, సరుకంతా నుదుటి పట్టీలతో వీపున వేసుకుని అడవిదారిన మోసుకొచ్చారు. వచ్చీ రాగానే అందరూ అడిగింది ఒకటే: “తిండేది?”

నేను లెక్కలు రాసే ఈ గిడ్డంగిలో మీ చొక్కాలు చూశాను. ఏ రాక్షసుడి కొలత తీసుకున్నారే? ఒక్కో చొక్కాలో ఇద్దరు పడుతున్నారు. గిడ్డంగి అధికారి ఒకటి విప్పి చూసి, “మీ పేటలో మనుషులు ఎద్దులతో పోటీగా పెరుగుతారా?” అన్నాడు. మా ఊరి గాలి మంచిదండీ అన్నాను.

ఇక తిండి సంగతి. ఉప్పు పందిమాంసం పీపాలు తెరిచిన దగ్గర్నుంచి మా ముక్కులు మూసుకునే ఉన్నాయి. మోసేవాళ్ళు బరువు తగ్గించుకోవడానికి దారిలో పీపాకి చిన్న కన్నం పెట్టి ఉప్పునీళ్ళు కారబోసి, మళ్ళీ పుల్ల బిగిస్తారు. ఇది అందరికీ తెలుసు, ఎవరూ ఆపలేరు. నూట ఎనభై మందికి చలికాలం తిండి అది. కుళ్ళితే బెల్-రివియేర్ నది దాకా ఉన్న మన సైనికులు గడ్డి తినాలి. ఇంగ్లీషువాళ్ళు తుపాకీ ఎత్తే పనే ఉండదు.

అప్పుడు మన టూసాన్ చేతులు మడుచుకుని కూర్చోలేదు. ఉన్నవాటిలో బాగున్న మాంసం ఏరి, కడిగి, మళ్ళీ ఉప్పుపట్టించి, పలకలు సరిచేసి, పట్టీలు బిగించాడు. రోజంతా పనిచేస్తూ ఒక పాట మొదటి ముక్క మాత్రం కూనిరాగం తీస్తాడు. రెండో ముక్క రాదట.

నువ్వు చెప్పినట్టు అతనికి కొత్త జోళ్ళు ఇచ్చాను. “ఎవరు ఇమ్మన్నారు?” అన్నాడు. మా చెల్లి అన్నాను. ఆ జోళ్ళు కాళ్ళకు తొడక్కుండా చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. పిచ్చివాడా ఏమిటి?

పిచ్చివాడైనా పనివాడే. గిడ్డంగి అధికారితో గట్టిగా చెప్పాను: “ఈ నది పొడుగునా వెతికినా ఇలాంటి పీపాలవాడు దొరకడు.” ఆయన సంతోషించి పేరూ ఊరూ రాసుకున్నాడు. నాన్నతో చెప్పు, మన పేట పరువు నిలబెట్టాను.

నాన్నను, అత్తయ్యను అడిగానని చెప్పు.

ఇన్యాస్


గ్రాండ్-ఆన్స్,
1756 సెప్టెంబరు

అన్నయ్యా,

చొక్కాల కొలత అత్తయ్యది. “నాకు పడితే ఎవడికైనా పడుతుంది” అని తనమీదే వేసుకుని చూసి కత్తిరించింది. నీ ఉత్తరంలో రాక్షసుడి మాట చదవకుండా దాటేశాను. ఎక్కడ దాటానో పట్టేసింది. “ఏం రాశాడే వాడు? నన్నేగా!” అని ఇప్పటికీ నీ మీద కోపంగా ఉంది. ఏదైనా మంచిమాట రాసి పంపు.

గోధుమ కోత ఆడవాళ్ళమే చేశాం. రాజు గారి మనుషులు కళ్ళం మీదికే వచ్చి, విత్తనాలకూ ఇంటికీ ఉంచుకోమన్నది ఉంచి, మిగతాది కొలిచి తీసుకుపోయారు. అది పిండి అయి మీ కోటకే వస్తుంది. నువ్వు తినే రొట్టెలో నా నడుము నొప్పి ఉంది, గుర్తు పెట్టుకో.

బ్రిజిత్ గారు ఒక బుట్ట గుడ్లు పట్టుకొచ్చి నాన్నకు ఇవ్వబోయింది. నాన్న కేకలేశాడు.

“ఇదేంటమ్మా, నేనేదో నీ కొడుకుని దాచినట్టు! పద్ధతి ప్రకారం వదిలేశాను. గుడ్లు తీసుకుపో.”

“పద్ధతికి కాదు కెప్టెన్ గారూ, మీ కోళ్ళు గుడ్లు పెట్టడం లేదని విన్నాను,” అందామె.

అత్తయ్య గుడ్లు పుచ్చుకుంది. ఆమె గుమ్మం దాటుతూ నన్ను చూసి ఆగింది. “టూసాన్ సంగతి ఏమైనా తెలిసిందా అమ్మా? ఆ అబ్బాయికి రోజూ కొవ్వొత్తి వెలిగిస్తున్నా,” అంది. బాగున్నాడట అన్నాను.

అన్నయ్యా, పేరు రాసుకోవడం దేనికి? పని బాగా చేసినందుకు మెచ్చుకోవడానికేనా? నది గడ్డకట్టేలోపు అందర్నీ ఇంటికి పంపిస్తారుగా? మరిచిపోకుండా రాయి.

పెలజీ


ఎగువ మోతదారి కోట,
1756 అక్టోబరు

పెలజీ,

అత్తయ్యకు: ఆ చొక్కాలు చలికి దుప్పటిలా పనికొస్తున్నాయి, సైనికులు దీవిస్తున్నారు. ఇది అబద్ధం కాదు.

నీకు: దొంగపిల్లా!

నిన్న సాయంత్రం టూసాన్ గిడ్డంగికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక ఉత్తరం రాసిపెట్టాలి అన్నాడు. కాగితం తీశాను.

“చెప్పు.”

“నేను బాగున్నానని రాయి.”

రాశాను. “తర్వాత?”

“దగ్గు లేదు. జోళ్ళు తడవనివ్వలేదు.”

“తొడుక్కుంటేగా తడవడానికి! సరే, ఇంకా?”

“ఆ రోజు గుడి ముందు నేను నోరు మూసుకుంది కోపంతో కాదు. తను చెప్పకపోతే నేను చెప్పకూడదు. తనకి కారణం ఉంటుంది. అది మంచి కారణమే అయ్యుంటుంది. అలా రాయి.”

“ఎవరికిరా ఇది?”

“నువ్వు ఎప్పుడూ ఎవరికి రాస్తావో ఆ అమ్మాయికే.”

చేతిలో కలం పట్టుకుని గుడ్లగూబలా కూర్చున్నాను. నేను ఎప్పుడూ రాసేది ఒక్కరికే. పుట్టినప్పటినుంచి నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి, మన ఇంట్లో ఇంత కథ నడుస్తుంటే నాకు చెప్పేది పీపాలవాడా? నవ్వొచ్చింది, కోపమొచ్చింది, చివరికి వాడిని కావలించుకున్నాను. వాడి ఒంటినిండా పందికొవ్వు వాసన.

మనవాళ్ళలో ఇద్దరు తిరిగి రారు. మినియే గారి అబ్బాయికి అడవిలో కాపలా ఉండగా తుపాకీ గుండు తగిలింది. ఒనెజిమ్ జ్వరంతో పోయాడు. ఇద్దరినీ సమాధి చేసి, ఫాదర్ చేత ప్రార్థన చేయించాను. వాళ్ళ ఇళ్ళకు నాన్నను స్వయంగా వెళ్ళమను. ఉత్తరం చదివి వినిపించే పని నీది గనక, పక్కన నువ్వు కూడా ఉండు.

మిగతా ఆరుగురినీ చివరి పడవలో పంపుతున్నాను. టూసాన్ అందులో ఉన్నాడు. ఇప్పుడైనా నోరు తెరువు.

అన్నయ్య


గ్రాండ్-ఆన్స్,
1757 మార్చి, తపస్సు కాలం మొదటి వారం

అన్నయ్యా,

నీ కోపం న్యాయమైనదే. కాబట్టి అంతా చెబుతాను.

కిందటేడు మట్టల ఆదివారం రోజున టూసాన్ నన్ను అడిగాడు. అతని పీపాల కొట్టు వెనక, చెక్క పొట్టు మీద నిలబడి. నేను సరే అన్నాను. నాన్నతో నేనే చెబుతానన్నాను. నేనే మాట్లాడతానని జీవితంలో మొదటిసారి అన్న మాట అది. ధైర్యం కూడగట్టుకుంటూ వారాలు గడిపాను. ఈలోగా ఉత్తర్వు వచ్చింది.

ఆ ఆదివారం నేను నాన్న చెవి దగ్గరే ఉన్నాను. “అతనికి నాతో పెళ్లి కుదిరింది నాన్నా” అని ఒక్క ముక్క చెబితే నాన్న వదిలేసేవాడు. వదిలేస్తే లూబెన్ వెళ్ళేవాడు. బ్రిజిత్ గారు నా ఎదురుగానే ఉంది, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి. నేను మాట్లాడలేదు.

ఆమె కోసమే ఊరుకున్నానని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆ ఆదివారం ఆమె అక్కడ లేకపోయినా నేను మాట్లాడి ఉండేదాన్నా? తెలియదు. మంచితనమూ పిరికితనమూ బయటికి ఒకేలా కనిపిస్తాయి అన్నయ్యా. లోపల కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను.

మినియే గారింటికి, ఒనెజిమ్ ఇంటికి నాన్నతో వెళ్ళాను. మినియే గారమ్మ నీ ఉత్తరంలోని ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఇంటికి వస్తూ నాన్న కంచె దగ్గర ఆగి, “ఈ కెప్టెన్‌గిరీ ఎవడికైనా ఇచ్చెయ్యాలే,” అన్నాడు.

టూసాన్ తిరిగి వచ్చాక కూడా నేను ఇవాళ, రేపు అంటూ దాటేశాను. అతను తొందర పెట్టడు. క్రిస్మస్ అయింది, కొవ్వొత్తుల పండుగ అయింది. విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద పెట్టించుకుంటుంటే గుర్తొచ్చింది: తపస్సు కాలం మొదలైంది, నలభై రోజుల ఉపవాసాలు, ఇక ఈస్టర్ దాటేదాకా గుడిలో పెళ్లిళ్ళు లేవు. పేటలో ఇంతమంది ఆడపిల్లలు తపస్సు కాలానికి ముందే హడావిడిగా పెళ్లి చేసుకుంటుంటే చూస్తూ ఉన్నాను. కాన్వెంట్‌లో పండుగల పట్టిక అంతా కంఠతా పట్టినదాన్ని, నా పెళ్లికే మరిచాను.

పర్వాలేదు. ఈస్టర్ అయ్యాక చాటింపు వేయిస్తాం. పడవలు బయలుదేరేది అంతకంటే తర్వాతే కదా.

నీ పెలజీ


ఎగువ మోతదారి కోట,
1757 మార్చి

పెలజీ,

మంచు మీద పరిగెత్తే వార్తాహరుడు గంటలో బయలుదేరుతున్నాడు. వంకర గీతలు క్షమించు.

ఈ వసంతం ఉత్తర్వులు సిద్ధమయ్యాయి. మామూలు మనుషులను ఎన్నుకునే పని ఎప్పటిలాగే నాన్నది. కానీ ఒకణ్ణి మాత్రం పేరుతో పిలుస్తున్నారు: “గ్రాండ్-ఆన్స్ పీపాలవాడు టూసాన్.” పడవలు కదిలేలోపే మోంత్రియాల్ చేరి కొత్త పీపాలు బిగించాలి. అంటే ఈస్టర్ ముందే. పేరుతో వచ్చిన పిలుపుకి నాన్న పద్ధతి పనిచేయదు. పెళ్లయినా, కాకపోయినా వెళ్ళాల్సిందే.

ఈ పని చేసింది ఎవరో నీకు తెలుసు. పరువు నిలబెట్టానని గొప్పలు పోయాను. అధికారి దగ్గరికి వెళ్ళి, ఆ మనిషికి ఒళ్ళు బాగోదు, వేరేవాణ్ణి పిలవండి అన్నాను. “నువ్వేగా నది పొడుగునా ఇలాంటివాడు లేడన్నావు!” అని నవ్వాడు. నిజంగానే లేడు మరి.

నువ్వు ముందే చెప్పి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు చెప్పకపోయినా బాగుండేది. మన ఇంట్లో ఒకరికి మాటలు ఎక్కువ, ఒకరికి తక్కువ. సమంగా పంచి ఉంటే బాగుండేది.

ఈ ఏడు బెల్-రివియేర్ దిగువదాకా పీపాలు పంపాలంటున్నారు. అక్కడి సంగతులు మంచివి కావు. నీకు దాచను.

నాన్నతో ఈ రోజే చెప్పు. రేపు కాదు.

ఇన్యాస్


గ్రాండ్-ఆన్స్,
1757 మార్చి చివర

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే చెప్పాను. నాన్న పొయ్యి దగ్గర పైపు కాలుస్తున్నాడు.

“నాన్నా, టూసాన్‌తో నాకు పెళ్లి కుదిరింది.”

“ఎప్పుడు?”

“కిందటి మట్టల ఆదివారం.”

లెక్క వేసుకుని పైపు నోట్లోంచి తీశాడు. “ఉత్తర్వు చదివిన రోజు నా చెవి దగ్గరే ఉన్నావు కదే! ఒక్క మాట ఊదితే సరిపోయేది కదా!”

“ఊదితే లూబెన్ వెళ్ళేవాడు.”

నాన్న పైపు పొయ్యిలోకి దులిపాడు. “కెప్టెన్ కూతురికి నోరు లేదని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. నోరుండి మూసుకుందా ఇది!” అన్నాడు అత్తయ్యతో. తర్వాత టోపీ పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని ఫాదర్ గారి ఇంటికి నడిచాడు.

“తపస్సు కాలంలో పెళ్లేమిటి కెప్టెన్? బిషప్ గారి అనుమతి కావాలి,” అన్నారు ఫాదర్ గారు.

“తెప్పించండి.”

“ఈ దారుల్లో మనిషి పోయి రావడానికే నెల పడుతుంది.”

“వాడు మంగళవారం బయలుదేరుతున్నాడండీ.”

“అయితే చలికాలానికి తిరిగి వస్తాడుగా. అప్పుడు చేద్దాం, అందరం ఉంటాం.”

కిందటేడు ఎనిమిది మంది వెళ్ళి ఆరుగురే వచ్చారని నాన్న అనలేదు. ఫాదర్ గారికీ తెలుసు. ఆయన కఠినుడు కాదు అన్నయ్యా, నియమం అలా ఉంది.

ఇంటికొచ్చాక అత్తయ్య పిండి కలుపుతూ, ఎవరితోనో కానట్టు అంది: “మా కాలంలో ఫాదర్లు ఇలా బిగుసుకుంటే, పిల్లలు పూజ మధ్యలో లేచి నిలబడేవాళ్ళు. ఫాదర్ చూస్తుండగా, ఇద్దరు సాక్షుల ముందు, నువ్వు నా మొగుడివి, నువ్వు నా పెళ్ళానివి అనేస్తే అయిపోయేది.”

“అది పాపం అత్తయ్యా. బిషప్ గారు నిషేధించారు. కాన్వెంట్‌లో మదర్ గారు చెప్పారు.”

“పాపమే. కాదన్నానా? పాపమే గానీ ముడి ముడే.”

నాన్న లేచాడు. “నేనేమీ వినలేదు. గుర్రానికి నీళ్ళు పెట్టి వస్తా,” అన్నాడు. గుర్రాన్ని క్రిస్మస్‌కి ముందే రాజు గారి మనుషులు తీసుకుపోయారు.

శనివారం నేను టూసాన్ కొట్టుకు వెళ్ళాను. ఇది అతన్ని ఆపదని ఇద్దరికీ తెలుసు. “మరెందుకు పెలజీ? నీకు జనమంటే భయం. నా కోసం పాపం కూడానా?” అన్నాడు. “నువ్వు ఎవరివాడివో తెలియకుండా ఎలా వెళ్తావు? నీకేమైనా అయితే నేను నీకేమవుతానని మీ అన్న మా ఇంటికొచ్చి చెబుతాడు?” అన్నాను. అతను చేతిలోని పట్టీ కింద పెట్టి, సరేనన్నాడు.

ఆదివారం ఫాదర్ గారు దీవెన ఇవ్వడానికి మా వైపు తిరిగారు. మగవాళ్ళ వరసలోంచి టూసాన్ లేచి నడవలోకి వచ్చాడు. నేనూ లేచాను. నా పక్కకు బ్రిజిత్ గారు వచ్చి నిలబడింది. అతని పక్కకు లూబెన్. నేను వాళ్ళను అడగలేదు. టూసాన్ అడిగాడట. “నా కొడుకు ఇంట్లో ఉన్నది ఎవరి పుణ్యమో తెలిశాక కూర్చోగలనా?” అందట ఆమె.

టూసాన్ తన మాట చెప్పాడు. తర్వాత నా వంతు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. ముందు వరసలో తన పీట మీద నుంచి నాన్న వెనక్కి తిరిగాడు. అలవాటుగా నా వైపు చెవి వంచాడు. నేను ఆ చెవికి చెప్పలేదు అన్నయ్యా. గుడికంతటికీ చెప్పాను. “నేను, పెలజీ, టూసాన్‌ను నా భర్తగా స్వీకరిస్తున్నాను.” వెనక ఎవరిదో పసిబిడ్డ ఏడుపు ఆపేసింది. అంత గట్టిగా అరిచానని తర్వాత చెప్పారు.

ఫాదర్ గారి చెయ్యి గాలిలోనే ఆగింది. ముఖం ఎర్రబడింది. కానీ దీవెన మొదలుపెట్టేశారు, ఆపడానికి లేదు. మెల్లగా శిలువ గుర్తు వేశారు. అందరినీ దీవించి మమ్మల్నిద్దరినే వదిలేయడం ఆయనకు ఎలా కుదురుతుంది?

పూజ అయ్యాక ఉత్తర్వు. నేను నాన్న చెవిలో చదివాను: “పీపాల పనికి మోంత్రియాల్ రావలసినవాడు, గ్రాండ్-ఆన్స్ పీపాలవాడు టూసాన్.”

నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. “పీపాల పనికి మోంత్రియాల్ రావలసినవాడు,” అని అరిచి ఆగాడు. “టూసాన్. కెప్టెన్ ప్రిస్క్ అల్లుడు!”

ఆ మాట ఉత్తర్వులో లేదు.

మంగళవారం అతను వెళ్ళాడు. బిషప్ గారికి ఫాదర్ గారు రాస్తున్నారు. శిక్ష ఏదైనా సరే.

పెలజీ


గ్రాండ్-ఆన్స్,
1757 మే

అన్నయ్యా,

మోంత్రియాల్‌లో పని ముగించి టూసాన్ మీ కోటకు చేరేసరికి ఈ ఉత్తరం కూడా అటూ ఇటూగా చేరుతుంది. అతనికి చదివి వినిపించు. అన్నీ చదువు, నాలా దాటేయకు.

బిషప్ గారి జవాబు వచ్చింది. ఈస్టర్ తర్వాత మూడు ఆదివారాలు మేము గుడి గుమ్మం బయట, వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని పూజ అయ్యేదాకా నిలబడాలి. ఆ తర్వాత క్షమాపణ. టూసాన్ తిరిగి వచ్చాక, అందరిలా దీవెన.

మొదటి ఆదివారం తల ఎత్తలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళ కాళ్ళు మాత్రమే చూశాను. ఎవరి జోళ్ళు ఎక్కడ చిరిగాయో ఇప్పుడు నాకు తెలుసు. రెండో ఆదివారం వాన. నాన్న తన పెద్ద పీట వదిలి వచ్చి నా పక్కన టోపీ తీసి నిలబడ్డాడు. “లోపల ఉక్కగా ఉంది,” అన్నాడు. మినియే గారమ్మ లోపలికి వెళ్తూ నా శాలువా సరిచేసి, “చలిగా ఉందా, మదామ్ టూసాన్?” అంది. నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆమే. ఆమె నాతో మాట్లాడుతుందనుకోలేదు.

మూడోది కూడా అయింది. నాలుగో ఆదివారం నేను మళ్ళీ కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళాను. ఫాదర్ గారు బయటికి వచ్చారు.

“నీది అయిపోయిందమ్మా. లోపలికి రా.”

“టూసాన్ వంతు ఉందండీ.”

“అతను వచ్చాక అతను నిలబడతాడు.”

“ఒకవేళ ఆలస్యమైతే? తప్పు మెడకు వేసుకుని అంత దూరం ఎలా తిరుగుతాడు? అతని వంతు కూడా నేనే నిలబడతాను.”

ఇద్దరి వంతులూ ఒకరు మోయవచ్చా అని ఆయన చాలాసేపు ఆలోచించారు. ఏ పుస్తకంలోనూ లేదన్నారు. గాలికి నా కొవ్వొత్తి ఆరిపోయింది. ఆయన లోపలికి వెళ్ళి బలిపీఠం దగ్గరి దీపంతో దాన్ని వెలిగించి తెచ్చి, నా చేతికిచ్చి, పూజకు వెళ్ళిపోయారు.

అతని వంతు ఇంకా రెండు ఆదివారాలు ఉంది. తప్పకుండా నిలబడతానని చెప్పు.

పెలజీ


ఎగువ మోతదారి కోట,
1757 జూన్ చివర

చిట్టి చెల్లీ,

ముందు ఇక్కడ ఏం జరిగిందో విను. నీ ఉత్తరం అప్పటికి రాలేదు.

టూసాన్ వచ్చిన వారంలోనే నా గిడ్డంగికి వచ్చి ఒక కొవ్వొత్తి అడిగాడు. చీకట్లో పనిచేస్తున్నాడేమో అనుకుని ఇచ్చాను. ఆదివారం చూస్తే కోట గుడి బయట, పట్టపగలు, ఎండలో, దాన్ని వెలిగించుకుని నిలబడి ఉన్నాడు. పెళ్లి సంగతి మా ఫాదర్‌తో తనే చెప్పుకుని, బిషప్ గారు ఇలాంటి వాటికి ఏం శిక్ష వేస్తారో కనుక్కుని, మొదలుపెట్టేశాడు. సైనికులు చుట్టూ మూగారు.

“ఏం తప్పు చేశాడు?”

“ఫాదర్‌ని అడక్కుండా పెళ్లి చేసుకున్నాడట.”

“అంతేనా? మరి అడిగి చేసుకుని ఏడుస్తున్నవాడికి ఏ శిక్ష?”

“నీకు మీ ఆవిడ చాలు!”

టూసాన్ ఎవరికీ జవాబు చెప్పలేదు. మైనం కారి చేతి మీద పడుతున్నా కదల్లేదు. అలా మూడు ఆదివారాలు. నాలుగోసారి మళ్ళీ కొవ్వొత్తికి వచ్చాడు. “ఇది రాజు గారి సొమ్మురా, నీ శిక్ష అయిపోయిందిగా?” అన్నాను.

“నాది అయిపోయింది. ఇది తనది,” అన్నాడు. “అక్కడ జనం ముందు నిలబడటం తన వల్ల కాదు. భయం. తన వంతు కూడా నేనే నిలబడతా.”

నిన్న అతను ఆఖరి ఆదివారం ముగించాడు. ఇవాళ పొద్దున పడవలో నీ ఉత్తరం వచ్చింది.

అతని పీపాల మధ్య కూర్చుని మొత్తం చదివాను, ఏదీ దాటలేదు. “అతని వంతు కూడా నేనే నిలబడతాను” అన్నచోట చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. చేతిలోని సుత్తిని ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. నేనూ అంతే, చూసేవాళ్ళెవరూ లేరు గనక.

కాసేపయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు.

“అంటే ఇద్దరం రెండేసి సార్లు నిలబడ్డామన్నమాట.”

“అవును, తెలివైన జంట.”

“అయితే ఆ ఫాదర్ గారే మాకు బాకీ పడ్డారు కదా? రాయి, అలా రాయి.”

రాస్తున్నాను. రేపు అతను సరుకుతో బెల్-రివియేర్ దిగువకు వెళ్తున్నాడు. నేను ఆపడానికి చూశాను, కుదరలేదు. దిగువ కోటలో ఇప్పుడు ఎంతమంది మిగిలారో మాకు సరిగ్గా తెలియదు. దారి మంచిది కాదు. ఇవన్నీ అతనికీ తెలుసు, నీకూ తెలియాలి.

జోళ్ళు మాత్రం కాళ్ళకు తొడుక్కున్నాడు. నేను దగ్గరుండి తొడిగించాను.

ఇంకేం రాయమంటావంటే ఒకటే చెప్పాడు. గుడి లోపల, అందరి ముందు, ఆ దీవెన వసూలు చేసుకోవడానికి వస్తాడట. నువ్వు ఈసారి అంత గట్టిగా అరవక్కర్లేదట, తను పక్కనే ఉంటాడు గనక వినపడుతుందట.

ఇన్యాస్